తోమా మలుపు

2025 మార్చి 7, శుక్రవారం

దేవుని కోసం ఒక్క పూట ఆకలి ఓర్చుకోలేవా నువ్వు? నిన్నే అడుగుతున్నాను. మూడు పూటలా కడుపుకు లోబడే నీ ఒళ్లు ఆత్మకు ఎప్పుడు లోబడుతుంది?

రేపు కొండ మీద ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. వినేది ముగ్గురే అయినా సరే. ఇక్కడ రాసుకొని, అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను. గొంతు ఇంకొంచెం దించాలి.

పోయిన ఆదివారం పాస్టరుగారు నవ్వుతూ అన్నారు, బ్రదర్ ఐజాక్, మీరు బైబిలు కాలేజీ మెట్లెక్కకుండానే ఇంత మంట ఎక్కడిది మీకు అని. నిజమే, నేను ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణి. బి.కె.సముద్రంలో కాలిపోయిన బోరు మోటార్లు విప్పి రాగితీగ చుట్టుకుంటూ బతుకుతున్నాను. షాపులో స్పానర్ల పక్కనే బైబిలు ఉంటుంది. అదే నా కాలేజీ. దాని అంచులన్నీ గ్రీజు మరకలు.

శ్రమ దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో, మొదటి శనివారం కొండెక్కడం మాకు పందొమ్మిదేళ్ల అలవాటు. బెళుగుప్ప దాటాక నెమళ్ల కొండ. ఎప్పుడూ నలుగురమే. నేను, ఇళ్లు కట్టే బేల్దారి జయచంద్ర, సంఘంలో పాటలు పాడించే పాపన్న, ఆటో తోలే ఓబిలేష్. ఓబిలేష్ విశ్వాసి కాడు. చిన్నప్పుడు ఒకే వీధిలో గోలీలాడాం కాబట్టి వస్తాడు. ఆటో అతనిదే, ఎగతాళీ అతనిదే. మీ దేవుడు ఇంత పైన ఉంటే మోకాళ్లు నొప్పి ఉండేవాళ్ల గతేమప్పా అంటాడు ప్రతి ఏడూ.

దారికి పన్నెండు మలుపులు. మొదటి ఏడాదే వాటికి పన్నెండుమంది శిష్యుల పేర్లు పెట్టుకున్నాం. మొదటిది పేతురు, ఏడోది తోమా, ఆఖరిది యూదా. ప్రతి మలుపులో ఆగి ఒక ప్రార్థన. యూదా దగ్గర మాత్రం ఎవరమూ ఆగం. పరుగెత్తి దాటేస్తాం, చిన్నపిల్లల్లాగా.

ఇన్నేళ్లూ దారిలో తింటూనే ఎక్కాం. ఈసారి మార్చాను. శిఖరం మీద ప్రార్థన ముగిసేదాకా ఎవరి నోట్లోనూ మెతుకు పడకూడదు. నీళ్లు తాగొచ్చు.

సాయంత్రం జయచంద్ర షాపుకు వచ్చాడు. ఆరేళ్లుగా సుగరు. ఐజాకన్నా, పొద్దున్నే బిళ్ళ ఏసుకోవల్ల, ఏసుకుంటే వెంటనే ఏమన్నా తినల్ల, నేనేం చేద్దునన్నా అని అడిగాడు. కాసేపు ఆలోచించాను. బిళ్ళ మందే గానీ తిండి కాదు, దానివల్ల ఉపవాసం చెడదు, బిళ్ళ వేసుకో, తిండి మాత్రం మాతోపాటే అన్నాను. అతని ముఖం తేటపడింది. నువ్వు చెప్పినాక ఇంకేముందన్నా అని, నా టీ కూడా తనే తాగేసి పోయినాడు.

చిక్కు ప్రశ్నకు చక్కని జవాబు దొరికింది. దేవునికి స్తోత్రం.


మార్చి 8, ఉదయం 4.40

ఓబిలేష్ హారన్ కొడుతున్నాడు, వీధంతా లేచేలా. తిండి సంచి నా దగ్గరే ఉంచుకుంటున్నాను, మధ్యలో ఎవరికీ నోరూరకుండా.


మార్చి 8, సాయంత్రం 6.10

అనంతపురం. ఆసుపత్రి వరండా. జయచంద్ర ఐ.సి.యు.లో ఉన్నాడు. ఇంక రాయలేను.


మార్చి 10, సోమవారం

మధ్యాహ్నం రెండుంపావుకు జయచంద్ర పోయాడు. నలభై నాలుగేళ్లు.


మార్చి 13

మొన్న సమాధి దగ్గర నేనే వాక్యం చెప్పాను. గంటసేపు. అందరూ ఏడ్చారు. అతని భార్య గంగాదేవి మాత్రం ఏడవలేదు, మట్టి వేస్తున్న పారల వైపే చూస్తూ కూర్చుంది, గోడ సరిగ్గా కడుతున్నారో లేదో చూసే జయచంద్రలాగా.

ఆ రోజు ఎలా ఉందో రాసిపెట్టుకోవాలి. మరిచిపోతానని కాదు.

ఏడు గంటలకు కొండ కింద ఆటో ఆపాం. జయచంద్ర చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, బిళ్ళ నోట్లో వేసుకొని, నీళ్లు తాగాడు. బాటిలు ఎత్తి చూపించాడు నాకు, చూడు, నీళ్లే అన్నట్టు. నవ్వాను.

ఎండ ఇంకా ముదరలేదు. బోదగడ్డి అంతా ఎండి ఎర్రగా, రాళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను. నిలువు దారి కాబట్టి మలుపు తిరిగినప్పుడల్లా కింది మనిషి తల పైవాడి కాళ్ల దగ్గర కనబడుతుంది. జయచంద్ర నాకన్నా ఒక మలుపు పైన నడుస్తూ, అన్నా నీ బట్టతల ఈడినుంచి మెరుస్తాంది, దోవ బాగా కనపడుతుండాది అన్నాడు. ఓబిలేష్ పడీపడీ నవ్వాడు.

ఫిలిప్పు మలుపులో కూర్చున్నాం. అక్కణ్ణించి చూస్తే దిగంతం దాకా గాలి ఫ్యాన్లు, తెల్లగా, ఒకటి తిరిగితే ఒకటి ఆగి. వాటి కింద విత్తనం పడని చేలు, ఎర్రటి నేల. దూరంగా కణేకల్ వైపు కాలవ పారే చోట ఒక్క పచ్చటి గీత. జయచంద్ర దాన్నే చూస్తూ, ఆ నీళ్లు మా నాయన చేనుకు వచ్చింటే నేను బేల్దారి అయ్యేవాణ్ణి కాదన్నా, ఆ పచ్చలోనే ఉండేవాణ్ణి అన్నాడు. అంత నెమ్మదిగా అతను మాట్లాడడం ఎప్పుడూ వినలేదు.

బర్తొలొమయి మలుపులో అతను ప్రార్థన చేయలేదు. నువ్వే చెయ్యన్నా అన్నాడు. నుదుటి నిండా చెమట.

తోమా మలుపు గురించి ఇంకో రోజు రాస్తాను.


మార్చి 16, ఆదివారం

ఆరాధన తర్వాత పాపన్న సంఘానికి సాక్ష్యం చెప్పాడు. కొండ మీద జయచంద్ర బ్రదర్ మీదకి ఆత్మ దిగింది, ఒళ్లంతా వణికింది, అన్య భాషల్లో మాట్లాడాడు, ప్రభువు ఏలీయాను తీసుకుపోయినట్టు అక్కడి నుంచే తీసుకుపోయాడు అని. ఫోనులో తీసిన వీడియో టీవీకి తగిలించి చూపించాడు. అందరూ చేతులెత్తారు. ఒక ముసలామె వచ్చి నా చేతులు ముద్దు పెట్టుకుంది, అతని తల మీద పెట్టిన చేతులని.

వీడియో చివర్లో ఒక చెయ్యి కనబడుతుంది. ఓబిలేష్ ది. వేళ్ల మధ్య శెనక్కాయ ఉండ, జయచంద్ర నోటి దగ్గర. అక్కడితో వీడియో ఆగిపోతుంది.

బయటికి రాగానే మొదలుపెట్టారు. ఆ రోజు శనివారం కదా, అది గుడి ప్రసాదమేనంట, అన్యుడు నోట్లో పెట్టి అభిషేకం చెడగొట్టినాడంట, దానికే ప్రాణం పోయిందంట. ఒక్కొక్కరూ ఒక్కో 'అంట'.

నేను ఏమీ అనలేదు. నేను. మైకు లేకపోయినా మూడు వీధులకు వినబడే గొంతున్నవాణ్ణి.


మార్చి 22

ఓబిలేష్ షాపుకు వచ్చాడు. స్టూలు లాక్కొని కూర్చొని, విప్పిపెట్టిన మోటారులోకి చాలాసేపు చూశాడు. మీ చర్చోళ్లు నా ఆటో ఎక్కడం ల్యాదప్పా అన్నాడు. బడి పిల్లల్ని కూడా మాన్పించినారు, అది పోతే పోనీ. జయచంద్ర ఇంటికి పోతే గంగాదేవి తలుపు తీయల్యా. నేను ఇరవై ఏండ్లు ఆ ఇంట్లో సంగటి తిన్యా. వాకిట్లో నిలబడి వచ్చేసినా.

తల వంచుకొని తీగ చుడుతూ ఉన్నాను. లెక్క తప్పింది. మళ్లీ విప్పాను.

లేచి పోతూ అన్నాడు, ఐజాకూ, నేనేం అడగడానికి రాల్యా, నువ్వు ఆడ ఉండావు కాబట్టి వచ్చినా.


మార్చి 23

రాస్తున్నాను.

తోమా మలుపులో జయచంద్ర రాయి పట్టుకొని నిలబడిపోయాడు. వణుకుతున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఏమైందిరా అంటే ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. పిలిస్తే నన్ను గుర్తుపట్టనట్టు చూసి నవ్వాడు. ఓబిలేష్, ఏమప్పా వీడు తాగినోని మాదిరి మాట్లాడ్తాండాడు అన్నాడు.

ఆ మాటే నన్ను పట్టుకుంది. పెంతెకొస్తు దినాన కూడా ఎగతాళి చేసినవాళ్లు అదే అన్నారు కదా, వీళ్లు తాగి ఉన్నారని. పందొమ్మిదేళ్లు కొండెక్కి నేను అడిగింది ఇదే. దిగిరా, ఒక్కసారి కనబడేలా దిగిరా అని. దిగివచ్చిందనుకున్నాను. నాకు కాకుండా అతనికి వచ్చిందే అని ఒక్క క్షణం అసూయ కూడా పడ్డాను. అదీ రాస్తున్నాను.

తల మీద చేతులు పెట్టాను. పాపన్న ఫోను తీసి, పాట ఎత్తుకున్నాడు. జయచంద్ర కింద కూర్చుండిపోయాడు, అతని నోట్లోంచి అర్థం కాని మాటలు వస్తూనే ఉన్నాయి. ఒక చెయ్యి పైకి చాపాడు. చూడండి, చెయ్యెత్తి స్తుతిస్తున్నాడు అని పాపన్న కేక పెట్టాడు. చెయ్యి పైకి కాదు. నా భుజానికి వేలాడుతున్న తిండి సంచి వైపు.

ఓబిలేష్ కి తెలిసిపోయింది. వీడికి సుగరుండాది, బిళ్ళ ఏసుకొని ఏం తినల్యా, మా చిన్నాయన గూడా ఇట్లనే అయినాడు, ఏమన్నా తీపి పెట్టండప్పా అన్నాడు. నా సంచిలో చెయ్యి పెట్టి ఉండ తీశాడు. తన ఇంట్లో చేయించి తెచ్చిందే, వేయించిన శెనక్కాయలూ బెల్లమూ, ఏటా తెచ్చేదే. జయచంద్ర నోరు తెరిచాడు. నేను ఓబిలేష్ చెయ్యి కొట్టాను. ఉండ రాళ్ల మధ్య పడి పగిలిపోయింది. సాతానా, నా వెనక్కి పో అన్నాను, ప్రభువు పేతురుతో అన్నట్టు. మళ్లీ తీశాడు. మళ్లీ కొట్టాను. మూడోసారి అతని గుండెల మీద చెయ్యి పెట్టి నెట్టాను. ఒక అడుగు వెనక లోయ ఉంది. అతను కూర్చుండిపోయాడు.

పాపన్న వీడియోలో ఉండను కొట్టిన నా చెయ్యి లేదు. దానికి ముందే కత్తిరించాడు. ఎందుకు కత్తిరించావని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

నలభై నిమిషాలు ప్రార్థన చేశాం. నలభై. తర్వాత ఫిట్సు వచ్చింది. అప్పుడు గానీ భయం వేయలేదు. ఓబిలేష్ జయచంద్రను వీపున వేసుకొని ఏడు మలుపులూ దిగాడు. నేను బైబిలు పట్టుకొని వెనక పరుగెత్తాను. కింద టీ కొట్టులో చక్కెర నీళ్లు పోస్తే రెండు పెదవుల పక్కనించీ కారిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, చిన్నపిల్ల, సుగరు ఇరవై రెండుకు పడిపోయిందని చెప్పి, మీ దగ్గర తీపి ఏమీ లేదా అని అడిగింది. మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. లేదమ్మా అన్నాను. ఓబిలేష్ నా ముఖం చూశాడు. సంచి ఇంకా నా భుజానికే ఉంది.


ఏప్రిల్ 2

గంగాదేవి రమ్మని కబురు చేసింది. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. గోడ మూలన జయచంద్ర తాపీ, మట్టసం చూసే గొట్టం, తుడిచి పెట్టి ఉన్నాయి.

బిళ్ళల అట్ట తెచ్చి నా ముందు పెట్టింది. పదింటిలో ఒక గుంత మాత్రం ఖాళీ. అన్నా, తినకుండా ఇది ఏసుకోకూడదంట, డాక్టరమ్మ చెప్పింది, నాకు ముందే తెలుసు గూడా అంది. ఆ పొద్దు మీరు తినేది ల్యాదని తెలిసి గూడా అలవాటు కొద్దీ పొట్లం కట్టి జేబులో పెట్టినా. నేనే పెట్టినా. నా చేతులారా చంపుకున్యా. నన్ను దేవుడు చమించతాడా అన్నా అని అడిగింది.

అప్పుడు చెప్పాల్సింది. బిళ్ళ వేసుకో, తినొద్దు అన్నది నేనే అని. మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, ఇలా మారి బయటికి పోయింది: దేవుడు క్షమిస్తాడమ్మా.

నా పాపానికి ఆమెను క్షమించి వచ్చాను.


ఏప్రిల్ 5

సౌలు ప్రమాణం చేయించాడు, సాయంత్రందాకా ఎవడైనా తింటే శాపగ్రస్తుడని. సైన్యం సొమ్మసిల్లింది. యోనాతాను కర్ర కొనతో తేనె ముంచుకొని నోట్లో పెట్టుకుంటే అతని కళ్లు వెలిగాయి. సమూయేలు మొదటి గ్రంథం, పద్నాలుగో అధ్యాయం. దాని మీద నేను నాలుగుసార్లు ప్రసంగం చేశాను. నాలుగుసార్లూ విధేయత గురించి.


ఏప్రిల్ 9

షాపు తెరవలేదు. మెతుకు దిగడం లేదు. ఇది ఉపవాసం కాదు.


ఏప్రిల్ 17, గురువారం

రేపు శుభ శుక్రవారం. సిలువ మీది ఏడు మాటలు ఏడుగురు చెప్పాలి. ఐదోది నాకు వచ్చింది, దాహం గురించిన మాట. పాస్టరుగారు ఫోన్ చేసి, జయచంద్ర సాక్ష్యం కూడా కలిపి చెప్పండి బ్రదర్, రేపటికి నలభయ్యో రోజు కదా అన్నారు.

మైకులో చెప్పడం నాకు సులువు. అందుకే ముందు గంగాదేవి దగ్గరకు పోయాను. వాకిట్లోనే నిలబడి చెప్పాను. షాపులో అతను అడిగింది, నేను చెప్పిన జవాబు, సంచి, ఉండ, రెండుసార్లు కొట్టి మూడోసారి నెట్టిన నా చెయ్యి. డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం. వాక్యం ఒక్కటి కూడా కలపలేదు.

ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆగలేదు. చాలాసేపటికి, ఆయన నోరు తెరిచినాడా అని అడిగింది. తెరిచాడమ్మా అన్నాను. చేట ఆగింది.

లోపలికి వెళ్లి బిళ్ళల అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ తలకింద పెట్టుకొని పండుకున్యా, ఇంక నువ్వు పెట్టుకో అంది. తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.


ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

చెప్పాను.

సిలువ మీద ఆయన దాహమంటే చిరక, పులిసిన ద్రాక్షరసమైనా అందించారు, నేను అదీ అందనివ్వలేదు అని మొదలుపెట్టాను. ఏలీ యాజకుడు హన్నా ప్రార్థన చూసి తాగి ఉందనుకున్నాడు, నేను రోగాన్ని చూసి ప్రార్థన అనుకున్నాను, నాది ఎక్కువ గుడ్డితనం అన్నాను. వీడియోలో లేని చెయ్యి ఇదీ అని కుడి చెయ్యెత్తి చూపించాను. పాపన్న లేచి, బ్రదర్ దుఃఖంలో ఉన్నాడు, కూర్చోబెట్టండి అన్నాడు. మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో చూడలేదు. మైకు లేకుండానే చెప్పాను. ఓబిలేష్ ఇచ్చింది ప్రసాదం కాదు, ప్రసాదమే అయినా పెట్టాల్సింది, అతను మా అందరికన్నా ముందు నా స్నేహితుని ఆకలి చూశాడు అన్నాను.

కొందరు లేచిపోయారు. చేతులు ముద్దు పెట్టుకున్న ముసలామె నావైపు చూడలేదు. ఇక మీద కొంతకాలం ప్రసంగాలు వద్దు బ్రదర్ అన్నారు పాస్టరుగారు, మెల్లగానే. ఆడవాళ్ల వైపు చివరి వరసలో గంగాదేవి కూర్చొని ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చివరిదాకా ఉంది.

గేటు బయట ఓబిలేష్ ఆటో. హారన్లో అంతా వినపడినాది లేప్పా అన్నాడు. హారన్ అంటే గోడ మీది లౌడ్ స్పీకరు. మైకు ఆపినాక గూడా వినపడినాది, నీ గొంతు అట్లాంటిది అన్నాడు. ఎక్కమన్నాడు. క్షమించమని అడగబోయాను. వద్దు, ఇప్పుడొద్దు, నాకింకా కోపముండాది అన్నాడు. దిగేటప్పుడు, గంగాదేవి నన్ను పొద్దున పిలిచి సంగటి పెట్టిందప్పా అన్నాడు, ముందు అద్దంలోకి చూస్తూ.


ఏప్రిల్ 20, ఈస్టరు

తెల్లవారుజామున ఒక్కణ్ణే కొండెక్కాను, తిని. తోమా మలుపులో రాళ్ల మధ్య ఉండ ముక్కలు లేవు, చీమలు ఎప్పుడో మోసుకుపోయి ఉంటాయి. యూదా మలుపులో ఈసారి పరుగెత్తలేదు. నిలబడ్డాను.

ఇది చదివేది నువ్వెవరో నాకు తెలియదు. నాకు పీఠం లేదు, ఈ కాగితమే ఉంది. నీ ఇంట్లో, నీ పనిచోట, నీ పక్క బెంచీలో సుగరు బిళ్ళ వేసుకునే మనిషి ఉన్నాడు. ఉన్నాడు, నీకు తెలుసు. లే. ఈ రోజే, చర్చికి పోకముందే పో. తిన్నావా అని అడుగు. అతని జేబులో బెల్లం ముక్క పెట్టు. వణుకుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, ముందు తీపి అతని నోట్లో పెట్టు.

ప్రార్థన తర్వాత చేద్దువు. పో.